నీలం నాలిక

మసాఫీ దాటినంక ఫుజైరా దిక్కు దిగే తోవల
ఒక మూలమలుపు మూసిండ్రు.
జనవరిల రెండు దినాలు వాన కొట్టింది, అంతే.
తారు మీద వెంట్రుకంత బీట పడ్డది.
ఇప్పుడు అండ్ల నా చిటికెన వేలు పడుతది.

నా పని సుత్తె పట్టుడు.
ఎనిమిది కిలోల సుత్తె, నేల మీద ఇనుప పలక,
కొండ పొడుగునా గుచ్చిన ఇరవై నాలుగు చెవులు.
డాక్టర్ ఇంతిసార్, సూడాన్ ఆమె, చెయ్యి లేపుతది.
గుల్ జమాన్ బోరు బండి బంద్ చేస్తడు.
అందరం ఊపిరి బిగబడుతం.
మేకలను సుత ఆపాలె, అవి ఆగవు.
కొడుత.
ఒకే తావుల పది దెబ్బలు.
ఒక్క దెబ్బనైతే గాలి మింగుతదట,
పది కలిపితే కొండ పలుకుతదట.

గుల్ జమాన్‌కు ఇది నచ్చదు.
"తట్టి అడుగుడేంది? బొక్క చేసి చూడాలె."
అతని చెక్కపెట్టెలల్ల
కొండ వరుసగ పండుకొని ఉంటది, మీటరు మీటరుగ.
బినోయ్ సారు ఒక్కో ముక్కను కడిగి, గోటితోని గీకి,
చెవి కాడ పెన్సిలు తీసి రాసుకుంటడు.
రెండో బోరు: పదిహేను మీటర్లు. గట్టి రాయి. పొడి.
మూడోది సుత అంతే.
"కొండ మంచిదే" అన్నడు సారు.

ఆమె తెర మీద మాత్రం
ఎరుపు పసుపుల నడుమ నీలం నాలిక ఒకటి
రెండు బోర్ల సందుల నుంచి పాకి
తోవ కిందికి వంగింది.
కరెంటు సులువుగ పారిన జాగ అది,
నీళ్ళన్న ఉండాలె, బంకమన్నన్న ఉండాలె.
"రంగులను నమ్మి తోవ మూస్తమా?"
"రెండు బొక్కలను నమ్మి తెరుస్తమా?"
ఆ పూట ఇద్దరు చాయ్ వేరువేరుగ తాగిండ్రు.

నాకు ఆ నీలం ఎరుకే.
కథలాపూర్ల మా మూడెకరాలల్ల
ఒకాయన గిట్లనే తీగలు పరిచి చూపిండు.
అరచేతిల కొబ్బరికాయ నిలబెట్టినాయన సుత
అదే జాగ చూపిండు.
ఏడువందల ఫీట్లు. తెల్ల దుమ్ము లేచింది,
పెండ్లికి పోతున్నట్టు అందరి మొఖాలకు పౌడరు.
నీళ్ళు పడాలని మొక్కినోన్ని,
ఈడ, ఈ ఎడారిల,
నీళ్ళు ఉండొద్దని మొక్కుతున్న.

కింద వాదిల సయీద్ ముసలాయన ఇల్లు.
దినాం గహ్వా తెస్తడు, ఆయనను ఎవ్వరు ఏం అడగలే.
ఒకనాడు నా ముందట కూసొని "బాబ్" అన్నడు.
తలుపు.
రెండు చేతులు దగ్గరికి తెచ్చి, కలవకముందే ఆపిండు.
వానప్పటిసంది మూతపడతలేదట.
నేను పోయి ఇంతిసార్‌కు చెప్పిన.
ఆమె పటం మీద ఆ ఇంటి కాడ పెన్సిలుతో చుక్క పెట్టింది.
నాలిక కొస దానికి ఒక వేలెడు దూరంల ఆగింది.
బినోయ్ సారు చానసేపు చూసిండు.
రెండుకు మూడుకు నడుమ కాలితో గీత గీసిండు.
"ఈడ తవ్వు."

పదకొండు మీటర్ల కాడ బర్మా ఊరికెనే దిగింది.
గుల్ జమాన్ చెయ్యికి ముందు తెలిసింది, మొఖానికి తర్వాత.
పైకొచ్చిన ముక్క పచ్చగ, పాము వీపు లెక్క,
వేలు పెడితే సబ్బు. తడి.
ఎవ్వరు ఏమనలే.
ఇంతిసార్ దాన్ని వాసన చూసింది.
సారు తన బోరు కాయితం ఆమె రంగుల మీద పెట్టి
టేపు అంటించిండు.

అదే బొక్కల గొట్టం దించి వారం వారం కొలుస్తున్నరు.
పైన కదలదు, కింద కదలదు,
పదకొండు కాడ వంగుతది.
మొదటి వారం నాలుగు మిల్లీమీటర్లు.
ఇప్పటికి పదకొండు,
మా అక్క ముక్కుపుల్ల అంత.

నిన్న సయీద్ ఇల్లు ఖాళీ చేసిండు.
పికప్పుల గిన్నెలు, పరుపులు, ఒక పాత రేడియో.
తలుపు సుత కావాలన్నడు.
బందుల చీల తుప్పు పట్టింది, ఊడగొట్టమన్నడు.
సుత్తె లేపి ఆగిన, అలవాటు.
ఎవరు చెయ్యి లేపుతరా అని అటిటు చూసిన.
ముసలాయన లేపిండు.
మేకలు ఆగలే.